ఏడో మలుపులో కుడిచెయ్యి

పదకొండు పికప్పులు ఒకే గీత మీద దిగుతున్నాయి. ముందు బండి చక్రం ఏ రాయిని ఎంత దూరంలో తప్పించిందో, వెనక పది బండ్లూ అదే రాయిని అంతే దూరంలో తప్పించాయి. చింతలోవ ఘాటు రోడ్డు కింద టీ దుకాణం బల్ల మీద కూర్చుని గౌరునాయుడు ఆ వరుసను చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళుగా రోజూ చూస్తున్నదే. అయినా ఒక్కోసారి వెన్ను జలదరిస్తుంది. ఆ బండ్లన్నీ తోలుతున్నది అతనే.

చివరి బండి దుకాణం ముందు ఆగింది. పసుపు బస్తాల మీద పట్టా సర్దుతూ డ్రైవరు చిన్నారావు కేకేశాడు.

"ఏటి మావా, అలుపు రాదేటి నీకు? పొద్దున్నించీ పదకొండు బళ్ళు తోలినావు!"

"నాకెందుకురా అలుపు? కూకుని జీతం తినేసీవోళ్ళు మీరు కదా. మీకే నడుం నొప్పులు."

దుకాణంలో అందరూ నవ్వారు.

నవ్వులాటే అయినా అబద్ధం కాదు. 2061లో ఘాటు మీద తిరిగే పికప్పులకు ఇంజనూ లేదు, స్టీరింగు కింద ఇనప రాడ్డూ లేదు. ఒక్కో చక్రంలో ఒక్కో మోటారు. వాటిని చక్రమోటార్లంటారు. స్టీరింగుకూ చక్రాలకూ మధ్య ఉన్నదల్లా వెంట్రుకంత కబురుతీగ. డ్రైవరు స్టీరింగు తిప్పితే కబురు వెళుతుంది, నాలుగు మోటార్లూ ఆ ప్రకారం తిరుగుతాయి. ఆ కబురును దారిలో పట్టుకుని సరిదిద్దేది గురుహస్తం.

ముప్పై ఏళ్ళు బండికి చిన్న గీత కూడా పడకుండా ఘాటు తోలిన మనిషి గౌరునాయుడు. కంపెనీ వాళ్ళు అతని చేతులకు స్పర్శతొడుగులు తొడిగి, నెల రోజులు బండి నడిపించి, ఏ మలుపులో ఏ చెయ్యి ఎంత నొక్కిందో నమోదు చేసుకున్నారు. ఆ నమోదే గురుహస్తం. ఇప్పుడు నలభై వేల బండ్లలో ఎవరు స్టీరింగు పట్టుకున్నా, వాళ్ళ చేతుల మీద కనపడకుండా అతని చేతులు ఉంటాయి.

చిన్నారావు వెళ్ళిన కాసేపటికి ఇంకో పికప్పు వచ్చి ఆగింది. అందులోంచి హిమజ దిగింది. ఆ బండికి రూపం గీసిన ఇంజినీరు. ఆనాడు అతనికి తొడుగులు తొడిగింది ఆమే.

"ఏటమ్మా, జుత్తు నెరిసిపోనాదే! బళ్ళతో పాటు నువ్వు కూడా దిగీసినావేటి ఘాటు?" అన్నాడు గౌరునాయుడు.

హిమజ నవ్వలేదు. పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"మూడు బండ్లు లోయలో పడ్డాయి నాయుడుగారూ. మూడూ వేర్వేరు ఘాట్లలో. ముగ్గురు డ్రైవర్లూ పోయారు. నిద్రలోకి జారారని మా కంపెనీ కాగితం రాసిచ్చింది."

"అయ్యో. నిద్రోయేరా?"

"లేదు. ముగ్గురూ స్టీరింగును బిగించి పట్టుకునే ఉన్నారు. బండే పట్టు వదిలేసింది. సెకనులో పదింట ఏడు వంతులు, అంతే. మూడూ ఎడమ వైపు మెలిక మలుపులు. అచ్చం మీ ఏడో మలుపు లాంటివి." ఆమె అతని కళ్ళలోకి చూసింది. "అక్కడ దిగిన ప్రతిసారీ మీ కుడిచేతి బరువు సున్నా అయిపోయింది. అదేదో మీ ఒడుపు అనుకుని అలాగే ఉంచేశాం. అక్కడ ఏం చేసేవారు?"

"నాకేటి తెల్సమ్మా? సెయ్యి తోలతాది. పద, సూద్దాం."

గురుహస్తాన్ని ఆపేసి అతనే ఆమె బండిని ఘాటు పైకి తోలాడు, పై నుంచి మళ్ళీ దించాడు. అయిదు, ఆరు. ఏడో మలుపు తిరుగుతుంటే ఎడమ పక్కన మోకాలెత్తు గుడి, పసుపు రాసిన రాయి కనిపించాయి. గౌరునాయుడి కుడిచెయ్యి స్టీరింగు వదిలి, గుండెను తాకి, తిరిగి తన చోటికి వచ్చేసింది. పెదవులు కదిలాయి. అంతా రెప్పపాటులో అయిపోయింది.

హిమజ చూసింది. ఆమె చూడటం అతను చూశాడు. బండి ఆపాడు.

"ఏటి సేసినాను?" అంటూనే తన చేతి వంక పరాయి మనిషి చేతిని చూసినట్టు చూశాడు. "కొండమ్మ తల్లికి దండమెట్టుకున్నాను."

ఆనాడు ఆ తొడుగుల్లో నలభై ఒక్క సెన్సార్లు బిగించారు. చేతి బరువు గ్రాములతో సహా తెలుసు. చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో మాత్రం ఎవరూ చూడలేదు. పక్కన మనిషి ఉంటే అతని ధ్యాస చెదురుతుందని, బండిలో ఎవరూ కూర్చోవద్దన్నది హిమజే.

"ముప్పయ్యేళ్ళు ఎట్టినాను కదమ్మా దండం? నా బండి పడనేదే?"

"మీ పాత బండికి రాడ్డు ఉండేది. మీరు చెయ్యి తీసినా చక్రాలే స్టీరింగును పట్టుకునేవి. ఈ మలుపులో రోడ్డు కొండ వైపు వాలి ఉంది కాబట్టి కొత్త బండ్లకూ ఇక్కడ ఏమీ కాలేదు. ఆ మూడు ఘాట్లకూ మా బండ్లు ఈమధ్యే వెళ్ళాయి, అక్కడ రోడ్డు లోయ వైపు వాలి ఉంది."

"మరి రాడ్డెందుకు తీసీసినారు?"

"పదకొండు కిలోల బరువు. తీసేస్తే ఒక్క ఛార్జింగుకి ఇంకో నాలుగు కిలోమీటర్లు వస్తుంది." ఆమె స్టీరింగు వంక చూసింది. "డ్రైవరు చెయ్యి ఒకటి చెప్పి, గురుహస్తం ఇంకోటి చెబితే ఎవరి మాట చెల్లాలని మావాళ్ళు అడిగారు. మీ మాటే అన్నాను."

"నన్నడగనేదు కదమ్మా," అన్నాడు గౌరునాయుడు.

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. "ఆ దండం ముక్క కోసేసి ఇవాళే అన్ని బండ్లకూ కొత్త హస్తం పంపుతున్నారు. ఇక ఎవరూ పడరు. ఈ సంగతి బయట చెప్పనని మీరు సంతకం పెట్టాలట."

"మరి పోయినోళ్ళు?"

"కాగితంలో నిద్రపోయినట్టే ఉంటారు."

అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలోనే పెట్టాడు. "ఆ ముగ్గురిలో ఒకడి ఊరు సెప్పు."

చెబితే తన ఉద్యోగం పోతుందని హిమజకు తెలుసు. అయినా చెప్పింది.

మర్నాడు గౌరునాయుడు బస్సులో గోదావరి వైపు మన్యానికి వెళ్ళాడు. పోయిన డ్రైవరు జకరయ్య ఇల్లు అడిగితే ఊరంతా చూపించింది. "ఆ నిద్రమొహం డ్రైవరు ఇల్లా?" అన్నాడొకడు.

జకరయ్య భార్య సలోమి వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. గౌరునాయుడు నిలబడే అంతా చెప్పాడు. గుడి, దండం, రాడ్డు. ఏదీ దాచలేదు. ఆమె చేతులు ఆగలేదు.

"అయితే నిద్రపోలేదాండి?"

"నేదమ్మా. ఆకరు దాకా గట్టిగా పట్టుకునే ఉన్నాడు. ఒగ్గీసింది నాను."

అప్పుడు ఆగాయి ఆమె చేతులు.

"ఆరు నెల్లయిందండి. పొద్దున లేచి ఆ మనిషిని తిట్టుకోని రోజు లేదండి. రాత్రి పడుకోవయ్యా అంటే ఫోను చూసుకుంటా కూర్చుని, పొద్దున్నే బండెక్కి నన్ను నడిరోడ్డున వదిలేశాడని తిట్టానండి. సమాధి మీద పువ్వన్నా పెట్టలేదు. ఇప్పుడా తిట్లన్నీ ఎక్కడికి పోతాయండి?"

"నాకెయ్యమ్మా. అందుకే వచ్చినాను."

సలోమి అతని కుడిచేతిని తేరిపార చూసింది. నరాలు తేలిన చెయ్యి, బొటనవేలి మొదట్లో కాయ.

"మా ఆయన ఆదివారం ప్రార్థన తప్పితే ఏ గుడి ముందూ ఆగి ఎరగడండి. ఆఖరి గడియలో మీ అమ్మోరికి దండం పెట్టాడన్నమాట." ఆమె కళ్ళు ఇంకా ఆ చేతి మీదే ఉన్నాయి. "ఆ మలుపులో ఏం అడిగేవోరండి ఆ తల్లిని?"

ముప్పై ఏళ్ళలో ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. కంపెనీ కూడా.

"రోడ్డెక్కినోళ్ళందర్నీ సల్లగా ఇంటికి సేర్చమని."

సలోమి చింతపండు చాట ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపలి నుంచి ఏడుపు వినిపిస్తుందేమోనని, తిట్టు వినిపిస్తుందేమోనని గౌరునాయుడు ఎండలో నిలబడ్డాడు. ఏమీ వినిపించలేదు. ఆ కుడిచేతిని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.