ఐదు సీసాల మట్టి

"ఈ దరఖాస్తు కూడా చెల్లదండీ," అంటూ మట్టి మేడం ఫైలును బల్ల మీద ఇవతలికి నెట్టింది.

ఇవతల ఉన్నవాడు ఒక చిన్న ఫ్యాక్టరీకి సైట్ ఇంజినీరు. ఆమె ఆ పారిశ్రామికవాడ ఆఫీసులో అధికారి. వాడలో లీజుకిచ్చిన స్థలంలోంచి తట్టెడు మట్టి బయటికి పోవాలన్నా ఆమె సంతకం కావాలి. అందుకే ఆ పేరు. మనవాడు ఆమె చేతిలో మట్టి కరవడం ఇది మూడోసారి.

"అద్దె కడుతున్నాం కదండీ!"

"అద్దె నేల మీద ఉండటానికి. నేలనే పట్టుకుపోవడానికి కాదు."

"కొత్త షెడ్డుకి పునాది తవ్వితే మట్టి రాదా? దాన్ని జేబుల్లో పోసుకోమంటారా?"

"పోసుకోండి. ముందు పరీక్ష చేయించి పోసుకోండి."

నవ్వు దాచుకోవడానికి ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట వాన. తడి అద్దంలో నవ్వు దొరికిపోయింది.

ఆ మట్టితో ఒక బడి ఆటస్థలం ఎత్తు చేయాలి. అందుకే పరీక్ష. సైటులో ఐదు చోట్ల గుంటలు తీసి, ఆమె ఎదురుగా ఐదు సీసాలు నింపి, మూతల మీద ఆమె సంతకం ఉన్న సీళ్లు అతికించాలి. ఆ వాన మాత్రం వెలిసే రకంలా లేదు. ఆమె ఐదు ఖాళీ సీళ్ల మీద సంతకాలు చేసి అతని చేతిలో పెట్టేసింది.

"ఇలా ఎవరికీ ఇవ్వను," అంది మెల్లగా.

ఆ ఒక్క మాటకి మనవాడు సైటు దాకా గాల్లో తేలుతూ వెళ్లాడు. తేలేవాడు గుంటల్లోకి దిగుతాడా? గేటు పక్క గుంట మీద రేకుల కప్పు ఉంది. ఐదు సీసాలూ అక్కడే నింపేశాడు. స్థలం లీజు, మనిషి లేజీ.

రిపోర్టు శుభ్రంగా వచ్చింది. అనుమతీ వచ్చింది. "ఇంత పద్ధతిగా పనిచేసేవాళ్లని చూడలేదు. ఆదివారం ఎక్కడైనా టీ తాగుదామా?" అందామె. పద్ధతి అన్న మాట దగ్గర అతనికి టీ తాగకుండానే నాలుక కాలింది. అయినా తలూపాడు.

మర్నాడు పొద్దున వెనకవైపు ఐదో గుంట దగ్గర తవ్వితే మట్టి నల్లగా లేచింది. ఒకప్పుడు అక్కడ నూనె డ్రమ్ములుండేవట. లారీ డ్రైవరు పిడికెడు తీసి వాసన చూశాడు.

"బాబూ, ఇది లారీలో పోసేదా, ట్యాంకులో పోసేదా?"

మనవాడు వంగి ఆ మట్టిని నలిపి చూశాడు. వేళ్లు జిడ్డయ్యాయి.

"పోనీలే, పైన నాలుగు తట్టలు మంచి మట్టి పరుస్తా. ఎవడు చూడొచ్చాడు? కాగితం ఉందిగా!"

ఉంది. కాగితం మీద ఆమె సంతకం ఉంది. ఆ మట్టిలో పడి మోకాళ్లు దోక్కుపోయే పిల్లలు కళ్లముందు కనబడ్డారు. సీసాలకి సీలుంది, మరి తనకి శీలమేదీ? ముఖం భగ్గుమంది.

"ఆపెయ్ మావయ్యా. ఒక్క తట్ట కూడా కదలడానికి వీల్లేదు."

ఆఫీసుకి వెళ్తూ దారిపొడుగునా పదకొండు అబద్ధాలు తయారుచేసుకున్నాడు. అతన్ని చూడగానే ఆమె నవ్వింది.

"ఆదివారం దాకా ఆగలేకపోయారా?"

పదకొండూ చచ్చిపోయాయి.

"ఐదు సీసాలూ ఒకే గుంటవండీ. తడవడానికి బద్ధకించాను. ఐదో గుంట నిండా నూనె. లారీ ఆపేశాను."

ఆమె అనుమతి కాపీ బయటికి తీసి, తన సంతకం మీద వేలు పెట్టింది.

"మిమ్మల్ని తిడదామంటే నోరు రావట్లేదు. ఖాళీ సీళ్ల మీద సంతకం పెట్టింది నేనేగా! పైగా వాన వంక ఒకటి. అసలు సంగతి, మీరంటే..." అని ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

అనుమతి రద్దుచేసి, పై అధికారికి ఉత్తరం మొదలుపెట్టింది. మొదటి వాక్యంలోనే తన పేరు.

"మీ పేరు వద్దండీ. తప్పంతా నాదేనని రాయండి."

"ఇంకో అబద్ధమా?"

ఉత్తరం ఆమె పేరుతోనే వెళ్లింది. ఇద్దరికీ మెమోలు వచ్చాయి.

ఆ వారమే, అదే వానలో, ఇద్దరూ ఐదు గుంటల్లోకీ దిగారు. ఉన్న ఒక్క గొడుగూ సీసాలకి పట్టారు.

"ఇంకా ఏమైనా దాచారా?"

"ఒకటుంది."

"ఏ గుంటలో?"

"గుంటలో కాదు, గుండెలో." అనేసి, తన జోకుకి తనే సిగ్గుపడ్డాడు.

ఆమె నవ్వలేదు. "అది ఇప్పుడు నమ్మలేనండీ."

"తెలుసు. నమ్మేదాకా ఉంటాను."

ఆమె ఐదో సీలు అతికించి, అతని ఎదురుగానే సంతకం చేసింది.

నల్లమట్టి శుద్ధి చేసే చోటికి పోయింది. బడికి మంచి మట్టి వెళ్లింది. అతను ప్రతి లారీ వెంటా వెళ్లాడు. ఆమె ప్రతిసారీ వచ్చి చూసింది. అలా చూసి చూసి, వానలు వెలిశాక ఇంట్లో సంగతి చెప్పింది.

"అబ్బాయి ఏం చేస్తుంటాడే?" అడిగింది తల్లి.

"తప్పులు చేస్తుంటాడమ్మా. చేసి, తనే వచ్చి చెప్తాడు."

తల్లి పేపరు వెనకున్న భర్తకేసి ఒకసారి చూసింది.

"మీ నాన్న మొదటి సగంతో ఆపేస్తారు. రమ్మను."