కొంగ మెడ గురించి షీబా అన్నది

ఆ ఆదివారం పొద్దున్నే లీలారాణికి బోలెడు పనులున్నాయి. కుళాయి నీళ్ళు పట్టాలి. భర్త సీమోను తెల్లచొక్కా ఇస్త్రీ చెయ్యాలి. కూతురు షీబాకి తలంటి జడ వెయ్యాలి. చక్రాల కుర్చీ కిర్రుమనకుండా నూనె పెట్టాలి. నారతో చేసిన పదకొండు కొంగలనూ రెక్క విరగకుండా అట్టపెట్టెలో సర్దాలి. ఆరాధన అయ్యాక నెల్లిమర్ల చర్చి హాల్లో షీబా మీద తీసిన డాక్యుమెంటరీ వేస్తున్నారు.

షీబాకి ఇరవై మూడేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళూ కుడిచెయ్యీ స్వాధీనంలో లేవు. మాట ముద్దగా వస్తుంది, ఇంట్లోవాళ్ళకి తప్ప అర్థం కాదు. జూట్ మిల్లు నుంచి తండ్రి తెచ్చే తుక్కునారను ఎడమచేత్తో, పళ్ళతో మెలిపెట్టి కొంగలు చేస్తుంది. విశాఖ నుంచి అనూరాధ అనే అమ్మాయి వచ్చి నాలుగు రోజులు కెమెరాతో తీసింది. షీబా మాటలు అందరికీ అర్థమయ్యేలా చెప్పడానికి తర్వాత లీలారాణి ఒక్కతే విశాఖ వెళ్ళి తన గొంతు ఇచ్చి వచ్చింది.

హాల్లో దీపాలార్పారు. "ఈ కొంగలు ఎందుకు చేస్తావు?" తెర మీద అనూరాధ అడిగింది. షీబా నవ్వుతూ పెదాలు కదిపింది. పైన తల్లి గొంతు వినిపించింది.

"నాను ఎందుకూ పనికిరాను. అమ్మకీ నాన్నకీ బరువు. ఆ బాధ మర్సిపోడానికే ఇవి సేసుకుంటన్నాను."

చుట్టూ ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. షీబా తెర మీది తన పెదాల వంకే చూసింది. ఆ నోరు తనది. ఆ మాట తనది కాదు.

ఇంటికి రాగానే అడిగింది. "నానేటన్నాను, నువ్వేటి సెప్పేవు?"

"తప్పేటే? నలుగురూ జాలి పడ్డారు కాదా? రేపు మేం లేనప్పుడు ఆళ్ళే నిన్ను సూడాల."

చొక్కా విప్పుతున్న సీమోను ఆగిపోయాడు. "ఒసే లీలా, ఆ రోజు నానక్కడే ఉన్నాను. కొంగ ఎగిరేముందు మెడ ముడుస్తాది, అది కుదిరేదాకా సేస్తానే ఉంటానన్నాది పిల్ల. ఈ ఏడుపు ఎక్కణ్ణుంచి తెచ్చేవు?"

"కొంగ మెడ ఎవులికి కావాల?"

"నాకు కావాల," అంది షీబా. "ఇన్నేళ్ళూ నా నోరు నువ్వే అనుకున్నాను. సెప్పమ్మా, నీకు నాను బరువా?"

లీలారాణి కుర్చీ పక్కన కూలబడింది. "అది నా బయ్యమే తల్లీ. నీ పేరెట్టి సెప్పేసినాను."

షీబా మూడు రోజులు తల్లి చేతి ముద్ద ముట్టలేదు. నాలుగో రోజు లీలారాణే అనూరాధకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అనూరాధ మైకు తీసుకుని ఇంటికే వచ్చింది. ఈసారి షీబా ఒక్కో మాటా చెబుతుంటే తల్లి పక్కన కూర్చుని అదే పలికింది. కొంగ మెడ సంగతి అయ్యాక షీబా ఆగి, ఇంకొకటి అంది. లీలారాణి మైకు దగ్గరికి జరిగి అదీ పలికింది. ఏమీ మార్చలేదు.

"ముందు మా అమ్మ నా మాట మార్సేసింది. అది నాను మర్సిపోను. ఇప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు సెప్తన్నాది."

షీబా ఎడమచెయ్యి చాచి తల్లి పైట పట్టుకుంది.

ఎప్పుడైనా నార కొంగను చూస్తే షీబాను గుర్తుచేసుకోండి. అయ్యో పాపం అనుకోవద్దు. పన్నెండో కొంగకైనా మెడ కుదిరిందో లేదో అని తలుచుకోండి.