ఒడిబియ్యం తీసుకున్న దయ్యం

సూరత్‌లో గోపీపురా వెనక సందులో ఒక పాత చెక్క ఇల్లుంది. పొద్దుగూకితే ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు. నడిచినా ఆగరు. ఆగినా... చెవులు మూసుకుంటారు.

ఇంటి నడిమి వాకిట్లో, నేల కింద, వాననీళ్లు పట్టే పాతకాలపు తొట్టి ఉంది. టాంకా అంటారక్కడ. ప్లేగు వచ్చిన ఏడు, ఎక్కడో దూరపు ఊరి నుంచి తెచ్చుకున్న కోడలొకతె జ్వరంలో దాహం దాహమని అరిచి, ఎవరూ దగ్గరికి రాకపోతే తానే పాక్కుంటూ వచ్చి, ఆ టాంకా అంచునే ప్రాణం వదిలిందట. పుట్టింటివాళ్లు శవాన్ని చూడటానికైనా రాలేదట. అప్పటినుంచి నడిరాత్రి బొక్కెన నీళ్లలో పడుతుందంటారు. దబ్! తాడు పైకొస్తుంది. ఎక్కడో నీళ్లు కుమ్మరించిన చప్పుడు... మళ్లీ బొక్కెన.

కరోనా మొదటి ఏడు, మగ్గాలన్నీ బందైనప్పుడు, తెలంగాణ నుంచి ఆ పనికే సూరత్ చేరిన నర్సవ్వ ఈ ఇంటికే వచ్చింది. భర్త రాజమల్లు ఎవరిదో పెండ్లికని జగిత్యాల దిక్కు పోయి, రైళ్లు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. నవాగామ్‌లో వాళ్లుండే అద్దె గది ఖాళీ చేయమన్నారు. ఎదిగిన బిడ్డ ఊర్మిళను వెంటపెట్టుకొని ఎక్కడికి పోవాలి? అప్పుడు తమ్ముడు రఘుపతి వచ్చాడు.

"ముంబైల ఉండే సేటు ఇల్లక్కా. కాపలా ఉంటే చాలు, కిరాయి లేదు."

పుట్టిల్లని చెప్పుకోవడానికి నర్సవ్వకు మిగిలింది ఆ ఒక్క తమ్ముడే. మారుమాట లేకుండా మూటలు కట్టింది.

గుమ్మం పక్కన మున్సిపాలిటీ బోర్డు ఉంది. ఊర్మిళ చదివింది.

"హెరిటేజ్ లిస్టుల ఉన్న ఇల్లటమ్మా. కమిటీ పర్మిషన్ లేంది కూలగొట్టొద్దు, మార్చొద్దు. కిటికీ సుత ముట్టొద్దు."

"దేవుని పటానికి మొల కొట్టుకోవచ్చునా?"

"కొట్టు. జైల్ల పూజ చేసుకుందువు."

నర్సవ్వ నవ్వలేదు. మార్కండేయుని పటాన్ని గోడకు ఆనించి కిందే పెట్టుకుంది.

మూడో రాత్రి... దబ్!

ఊర్మిళ లేచి కూర్చుంది. "అమ్మా... విన్నవా?"

"పండుకో. ఆమె జోలికి మనం పోవద్దు."

తెల్లారి రఘుపతికి చెబితే అతని మొహం పాలిపోయింది. "రాత్రి వాకిట్లకు పోకుండ్రక్కా. పోయినోళ్లు బతకలేదట," అన్నాడు.

నెల గడిచింది. చప్పుడు ఆగలేదు. మెల్లమెల్లగా నర్సవ్వకు భయం పోయి జాలి పట్టుకుంది. పుట్టింటివాళ్లు రాని ఆడపిల్ల... ఎన్నేండ్ల ఎదురుచూపో!

ఒకనాడు రేషన్ బియ్యంలో పసుపు కలిపింది. పెట్టె అడుగున దాచిన రవిక గుడ్డ తీసింది. రెండు కొబ్బరి కుడకలు, నాలుగు ఎండు ఖర్జూరాలు పెట్టింది.

"ఎవలికమ్మా ఒడిబియ్యం?"

"ఆ పిల్లకు."

"దయ్యానికా! మరి దానికి మాస్క్ భీ కుట్టియ్యకపోయినవ్?"

"నోర్మూయ్. పుట్టింటి అన్నదమ్ములు ఒడిల పోయాల్సిన బియ్యమవి. పాపం, ఎవలూ రాలేదు. నేను పోస్త."

సందెవేళ టాంకా అంచున మూట పెట్టి, దీపం ముట్టించి, దండం పెట్టుకుంది. "నన్నే నీ పుట్టిల్లనుకో బిడ్డా. తీసుకొని చల్లగ పో."

తెల్లారి చూస్తే మూట లేదు! నర్సవ్వకు కళ్లనీళ్లు ఆగలేదు.

కానీ ఆ రాత్రి... దబ్!

తాడు... నీళ్లు... మళ్లీ దబ్!

ఇంకేం తక్కువైంది ఆ పిల్లకు? అడుగుదామనే లేచి మెట్లు దిగింది నర్సవ్వ. చేతిలో దీపం, పెదవుల మీద శివనామం. అరికాళ్ల కింద బండలు తడిగా, జారుడుగా ఉన్నాయి...

టాంకా మీద వంగి – ఒక ఆకారం. తల నిండా ముసుగు. బొక్కెన పైకి తీసింది. తాగలేదు. మోసుకుంటూ పోయి, ఇంటి బరువంతా మోసే నడిమి కంబం మొదట్లో కుమ్మరించింది. పగలు ఎప్పటిలా కప్పి ఉండే బండ ఇప్పుడు పెకలించి ఉంది. లోతుగా గుంత. పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోతున్నాయి.

"బిడ్డా..."

ఆకారం ఆగింది. మెల్లగా ఇటు తిరిగింది. ముక్కు మీదికి గుడ్డ. కళ్లు మాత్రమే మెరుస్తున్నాయి...

"అక్కా," అంది.

నర్సవ్వ నోట్లో శివనామం ఆగిపోయింది.

రఘుపతి గుడ్డ కిందికి లాగాడు. "అరవకక్కా. ఊర్మిళ లేస్తది."

"నువ్వా...! ఒడిబియ్యం సుత?"

"మా ఇంట్ల గింజ లేకుండె. వండుకున్నం."

"అడిగితే పెట్టకపోదునా? మరి... గిదేంది?"

గుసగుసగానే చెప్పాడు. వెనక తలుపు తాళంచెవి ఒకటి అతని దగ్గరే ఉంది. సేటుకు ఈ జాగాలో పెద్ద బిల్డింగ్ కట్టాలని ఉంది. కమిటీ ఒప్పుకోదు. అదే దానంతట అది కూలితే ఎవరి తప్పూ కాదు. కంబం మొదట్లో మట్టి నానిందంటే, గట్టి వాన పడ్డనాడు అది కుంగుతుంది, ఇల్లు కూలుతుంది. కొత్త బిల్డింగ్‌లో తనకొక గది ఇస్తానన్నాడు సేటు.

"దేవుని పటానికి మొల సుత కొట్టలేదు గదరా నేను!"

రఘుపతి బొక్కెన కింద పెట్టాడు.

"సరే... కూలగొట్టే ఇంట్ల మమ్ముల ఎందుకు పెట్టినవ్? ఎవలూ లేకుంటే నీకే సులువయితుండె గదా?"

అతను తల వంచుకున్నాడు. ఆమె మొహం చూడకుండానే అన్నాడు –

"ఖాళీ ఇల్లు కూలితే కమిటీ సేటునే పట్టుకుంటదక్కా. మనుషులున్న ఇల్లు కూలితే... కావాలని కూలగొట్టిండ్రని ఎవలంటరు?"

పై అంతస్తులో ఊర్మిళ నిద్రలో అటు నుంచి ఇటు ఒత్తిగిల్లింది. చెక్క కిర్రుమంది.

నర్సవ్వ మెట్లెక్కింది. బిడ్డను లేపింది. పటం చంకన పెట్టుకొని గడప దాటింది. వెనకాల అడుగుల చప్పుడు. తమ్ముడు కాళ్ల మీద పడతాడనుకుంది...

"ముందు తలుపు తాళంచెవి ఇచ్చిపో అక్కా. ఎల్లుండి ఇంకొకలు దిగుతున్నరు."

తాళంచెవి గడప మీద పెట్టింది. కానీ ఆ సందు విడిచి పోలేదు. ఎదురింటి అరుగు మీదనే కూర్చుంది. మరునాడు పోలీసు ఠాణా దాకా పోయింది కూడా. తీరా అక్కడ... తోడబుట్టినవాని పేరు నోట్లోంచి రాలేదు. తిరిగొచ్చింది.

మూడోనాడు పర్వత్ పాటియా పేట నుంచి కొత్తగా దిగేవాళ్ల ఆటో వచ్చింది. కనకయ్య, భార్య పద్మారాణి, ఒడిలో చంటిపిల్ల. నర్సవ్వ లేచి ఆటోకు అడ్డం నిలబడింది.

"ఈ ఇంట్లకు పోకుండ్రి బిడ్డా. దయ్యమున్నది."

"ఏందమ్మా, కరోనా కంటే పెద్దదా?" కనకయ్య నవ్వాడు.

"ఇంట్ల పండుకున్నోళ్ల పానం తీస్తది."

పద్మారాణి చంటిదాన్ని గుండెకు హత్తుకుంది. "చూసినవా... నువ్వు?"

"కండ్లార చూసిన."

"ఎట్లుంటది?"

నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అచ్చం నా తమ్ముని తీర్గనే ఉంటది బిడ్డా... అక్కా అని పిలుస్తది."