మల్లవ్వ పెట్టిన పువ్వు

"గొంతు తీసేస్తె మనిషి దక్కుతడంట. తియ్యకుంటె... డాక్టర్ ఏం చెప్పలేనన్నడు అమ్మా!"

ఆసుపత్రి నుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా ఆ మాట అనేసి, నిలేష్ గోడకు మొహం ఆనించి ఏడ్చేశాడు. పొయ్యి మీద పప్పు పొంగిపోతున్నా మల్లవ్వ చేయి కదల్లేదు. గొంతు తియ్యడమా! ఎవరి గొంతు? ముంబైలో, కామాటిపురా తెలుగువాళ్లుండే చాల్ ఇళ్లలో శనివారం సాయంత్రం ఆమె పెనిమిటి గంగారాం భజన ఎత్తుకున్నాడంటే ఫోరస్ రోడ్డు మీద పోయే టాక్సీవాడు కూడా బండి పక్కకు తీసి వినేవాడే! పగలంతా బిల్డింగులకు రంగులు వేసే ఆ చేతులు చిడతలు పట్టగానే ఆ మనిషే వేరు. అలాంటి గొంతు బొంగురుపోతే, రంగుల వాసన పడలేదేమో అనుకుంటూ నెలల తరబడి అల్లం కషాయం కాచిపోసింది పిచ్చి ఇల్లాలు. లోపల పుట్టింది మాయదారి గడ్డని ఆమెకేం తెలుసు?

వెనకే మెట్లెక్కి వచ్చిన గంగారాం మాత్రం, "ఏందా ఏడుపులు? పప్పు మాడుతున్నది సూడే," అన్నాడు. ఆ బొంగురు గొంతే ఇప్పుడు ఆమెకు కోటి రూపాయల గొంతులా వినిపించింది.

సాయంత్రానికల్లా వర్లి నుంచి కూతురు మయూరి పరుగెత్తుకొచ్చింది. అన్నాచెల్లెళ్లు వాదులాటకు దిగారు. "పాట లేకుంటె బాపు బతికి ఉన్నట్టేనా దాదా? కుమిలి కుమిలి సస్తడు!" అని ఆమె. "నీకు బాపు పాట కావాల్నా, బాపు కావాల్నా?" అని అతడు. మధ్యలో భజన జంటగాడు పెంటయ్య వచ్చి, "దేవుడిచ్చిన గొంతును కోయించుకుంటవా గంగన్నా?" అని కంటతడి పెట్టుకుని వెళ్లాడు. గంగారాం ఎవరివైపూ చూడలేదు. "మీ అమ్మకు ఎట్లనిపిస్తె అట్ల," అన్నాడు. "నాదేమున్నది? నీ గొంతు, నీ ఇష్టం," అంది మల్లవ్వ తల వంచుకుని. ఆలుమగలు ఒకరి నెత్తిన ఒకరు భారం వేసి కూర్చుంటే, ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు దగ్గరపడుతూనే ఉంది...

"ఎందుకింత తండ్లాట? అమ్మను పువ్వు అడుగుండ్రి," అంది రత్నాబాయి. మెట్ల కింద పోచమ్మకు దీపం పెట్టే ముసలమ్మ ఆమె. ఆ చాల్‌లో ఎవరికి ఏ సందిగ్ధం వచ్చినా అదే దారి. రెండు పూలను ఒకే నీళ్లలో ముంచి అమ్మవారి రెండు భుజాలకూ అంటిస్తారు. కుడి పువ్వు ముందు రాలితే చెయ్యమని, ఎడమది రాలితే వద్దని. ఆ పూలు పెట్టేది ఎప్పుడూ మల్లవ్వే! ఆమె చేయి చల్లనిదని పేరు. ఎందరి కొడుకుల ఉద్యోగాలో, ఎందరి ఆడపిల్లల సంబంధాలో ఆ చేతి మీదుగానే తేలాయి.

మంగళవారం పొద్దున చాల్ అంతా మెట్ల దగ్గర చేరింది. మల్లవ్వ తలస్నానం చేసి, పూలు అందుకుంది. ఇన్నాళ్లలో "నీకేం కావాలి?" అని ఆమెను సూటిగా అడిగినవాళ్లు లేరు. అడిగినా చెప్పే ధైర్యం ఆమెకూ లేదు. అమ్మవారికి అడ్డంగా వంగినప్పుడు ఏం బుద్ధి పుట్టిందో... తల్లి పాదాల దగ్గరి తడి పసుపు ముద్దను వేలితో తీసి ఎడమ పువ్వు కింద అద్దింది. గట్టిగా నొక్కింది. కుడి పువ్వును అలా తాకించి వదిలేసింది.

కుడి పువ్వే రాలింది!

"తల్లి చెప్పింది! ఇంక తిరుగులేదు!" అన్నారంతా. గంగారాం కన్నీళ్లతో చేతులు జోడించాడు. మల్లవ్వ మాత్రం తల ఎత్తలేకపోయింది.

ఆనాటి నుంచి ఆ ఇల్లాలికి తిన్నది ఒంటబట్టలేదు. భర్త ఎదురుపడ్డ ప్రతివాడికీ, "అమ్మ చెప్పింది, చేయించుకుంటున్న," అని నవ్వుతూ చెబుతుంటే ఆమెకు ప్రాణం పోయినట్టయ్యేది. ఆఖరికి ఆసుపత్రికి బట్టలు సర్దుతున్న మధ్యాహ్నం, అతను చిడతలను గుడ్డతో తుడిచి పెంటయ్యకిమ్మని నిలేష్‌ను పంపాడు. కొడుకు మెట్లు దిగాక అన్నాడు, "అమ్మ అడిగింది కాబట్టి ఇస్తున్ననే. ఇంకెవలడిగినా నా గొంతు ఇయ్యకపోదును."

ఇక ఆగలేకపోయింది మల్లవ్వ. అతని కాళ్ల దగ్గర కూలబడింది. "అమ్మ అడగలేదయ్యా... నేనే అడిగిన! ఎడమ పువ్వుకు పసుపు అంటిచ్చిన. నీకు ద్రోహం చేసిన!"

గంగారాం ముఖం నల్లబడింది. "నా గొంతుతోని ఆటలాడినవా?" అన్నాడు. లేచి బయటి వరండాలోకి వెళ్లి, రెయిలింగ్ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. కాపురానికి వచ్చాక ఎన్ని పోట్లాటలు చూడలేదు ఆమె? కానీ ఈ మౌనం భరించలేనిది. రేపు గొంతు తీశాక రోజూ ఇంతే కదా అనిపించింది. అయినా సరే... అయినా ఈ వీపు కళ్ల ముందు ఉంటే చాలు అనుకుంది. ఆ అనుకున్నదే కళ్లు తుడుచుకుని, వెళ్లి పైకి చెప్పేసింది.

"నువ్వు వద్దంటె వద్దు. రేపే పోయి డాక్టర్‌కు చెప్దాం. కాని ఒక్క మాట ఇను. నాకు నీ పాటంటె పానం. నువ్వు లేకుంటె ఆ పాట నేనేం చేసుకోను? మూగోనివై నా ఎదురుంగ కూసున్నా సరే, నాకు నువ్వు కావాలె. ఇది పువ్వు మాట కాదు... నా మాట!"

గంగారాం ఇటు తిరిగాడు. అతని కళ్లనిండా నీళ్లు.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదే?"

"రేపు నువ్వు బాధపడితె నన్నే అంటవని భయం."

"నాకేమో సిగ్గు," అన్నాడు అతను. "అందరు నా గొంతు దేవుడిదంటరు. పాట పోయినా సరే బతుకుతనంటె, గింత పానపు తీపా అని నవ్వుతరనుకున్న. ఆనాడు కండ్లు మూసుకొని నేను మొక్కింది కూడా అదే మల్లవ్వా... కుడి పువ్వు రాలాలని!"

ఇద్దరూ ఆ వరండాలోనే, చాల్ అంతా చూస్తున్నా పట్టించుకోకుండా, భోరున ఏడ్చారు. కోరిక ఒకటే అయినా ఇన్నాళ్లూ అమ్మవారి చాటున దాక్కున్నారు! ఆ సాయంత్రం అతనే పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు, "ఆపరేషన్ నేను చేయించుకుంటున్న. ఎవరూ చెప్పలేదు. నాకు బతకాలనున్నది." మయూరి తండ్రి ఒడిలో తల పెట్టుకుని, ఒక్కటంటే ఒక్కటి పాడమని అడిగింది. పాడాడు. సగంలో గొంతు చీలిపోయింది. అయినా పూర్తిచేశాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడ కింద ఊపిరికి చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. మాట లేదు. మల్లవ్వ పోచమ్మ ముందు చెంపలు వేసుకుని, రత్నాబాయితో జరిగిందంతా చెప్పేసింది. ముసలామె నాలుగు తిట్టి, "అమ్మ గుండె పెద్దది, పో!" అంది. ఇప్పటికీ పువ్వు పెట్టమని వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. "ముందు ఇంట్ల ఒకరికొకరు నోరిప్పి చెప్పుకున్నరా?" అని అడుగుతుంది మల్లవ్వ. సగంమంది అటునుంచి అటే ఇంటికి పోతారు.

నోటితో తినొచ్చని డాక్టర్ చెప్పిన రోజు ఆమె పప్పు మెత్తగా చేసి వడ్డించింది. కంగారులో ఉప్పు రెండుసార్లు వేసింది కాబోలు... గంగారాం ఒక్క ముద్ద పెట్టుకుని మొహం వికారంగా పెట్టాడు. చెంచాతో పళ్లెం మీద టంగుమని కొట్టాడు. ఉప్పు డబ్బా వైపు, ఆమె వైపు వేలు చూపిస్తూ, కనుబొమలు ఎగరేస్తూ, గాలిలో చేతులు తిప్పుతూ ఒకటే గొడవ!

ఆ చప్పుడుకు లోపలి నుంచి నిలేష్ హడలిపోయి పరుగెత్తుకొచ్చాడు. "క్యా హువా బాపు? ఏమైంది అమ్మా?"

మల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఏం కాలేదు బిడ్డా... మీ బాపు నన్ను తిడుతున్నడు!"