పొడిగాలి పెట్టెలో ముఖం

తలుపు తీసిన డిటెక్టివ్ బావమరిది ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. ఆవిడ ముఖంలో నెత్తుటిచుక్క లేదు. కాళ్ళకు చెప్పుల్లేవు.

"డిటెక్టివ్ గారున్నారా? మా ఆయన మళ్ళీ కనిపించారండీ!"

"కనిపిస్తే మంచిదేగా అమ్మా?"

"ఆయన పోయి ఏడాది కావస్తోంది."

అంతే, బావమరిది రెండంగల్లో లోపలి గదిలో ఉన్నాడు. అక్క మొగుడైన డిటెక్టివ్ దగ్గర పనికి చేరి ఇన్నేళ్ళయినా, దొంగలంటే లేని భయం అతనికి దెయ్యాలంటే ఉంది. బావ తెలివి మీద మాత్రం కొండంత గురి.

డిటెక్టివ్ ఆవిడకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. ఆవిడా, భర్తా, భర్త స్నేహితుడూ ఒకే ల్యాబులో హోలోగ్రాముల పని చేసేవారు. చిన్న చదరపు బిళ్ల, దాని మీద కంటికానని బంగారు గీతలు. దాన్ని మెటాసర్ఫేస్ అంటారు. టెరాహెర్ట్జ్ అనే ఒక రకం తరంగాలు దాని గుండా పోతే అవతలి గాలిలో బొమ్మ కడుతుంది.

"ఆ బొమ్మ మన కంటికి కనిపించదండీ. కెమెరా కొంచెం కొంచెంగా ఏరుకుని తెర మీద గీస్తుంది. గాల్లో తడి ఉంటే తరంగాలను మింగేస్తుంది, అందుకే అంతా పొడిగాలి నింపిన పెట్టెలో పెడతాం. నా బిళ్లలో రావలసింది నక్షత్రం. ఆ గీతలు మా ఆయన గీసినవే. కానీ తెర మీద ఆయన ముఖం వస్తోంది. కళ్ళు లేవు. నోరు కరిగి కారిపోతున్నట్టుంది."

లోపలి గదిలో బావమరిది చెవులు మూసుకున్నాడు. రెండోది సరిగ్గా మూసుకోలేదు, వినాలని కూడా ఉంది మరి.

"ఎవరికైనా చూపించారా?"

"భయపడి ఇంటికి పారిపోతాను. మర్నాడు అందర్నీ పిలిస్తే నక్షత్రమే వస్తుంది. దాచుకున్న ఫైలూ ఉండదు. ఇవాళ మళ్ళీ వచ్చింది. మా అత్తయ్య పాపను తన దగ్గరే ఉంచేసుకున్నారు, పిచ్చిదాని చేతికి పసిదాన్నివ్వనని. నాకు నిజంగానే పిచ్చెక్కిందేమో. పాపను ఎత్తుకోవాలంటే నాకే భయమేస్తోందండీ."

డిటెక్టివ్ చొక్కా మార్చుకున్నాడు.

ల్యాబు గదికి కిటికీల్లేవు. పంపు ఒకటే బుసలు కొడుతోంది. బావమరిది బావకు జానెడు దూరం కూడా ఎడం కాకుండా నడిచాడు.

ల్యాబు పెద్దాయన విసుగ్గా ఉన్నాడు. "ఈ పని మొత్తం ఈ అమ్మాయికే అప్పగిద్దామనుకున్నాను. ఇప్పుడెలా? ఆ పోయినవాడుంటే బెంగే లేదు. ఒకే బిళ్లలో రెండు బొమ్మలు ఇమడ్చగల మొనగాడు."

స్నేహితుడు కళ్ళొత్తుకున్నాడు. "వదినా, మళ్ళీ ఎందుకొచ్చావు? విశ్రాంతి తీసుకోరాదూ." డిటెక్టివ్ వైపు తిరిగి, "వాళ్ళత్తగారు నమ్మలేకపోతుంటే నేనే దగ్గరుండి చూపించానండీ. పెట్టె మూత తీసి, మీ కళ్ళతో మీరే చూసుకోండమ్మా, ఏ ముఖమూ లేదు అన్నాను," అన్నాడు.

డిటెక్టివ్ బిళ్లను పట్టకారుతో పట్టి బయటికి తీశాడు. "ఈ అంచున నల్లచుక్కేమిటి?"

"అది పైవైపని గుర్తు. బిళ్ల చేతికొచ్చిన రోజున నేనే పెట్టాను. ఆయన బతికుండగా," అంది ఆవిడ.

డిటెక్టివ్ చుక్క మీద వేలు రాసి, వేలును రుమాలుకు తుడుచుకున్నాడు. అక్క తెల్లగా ఉతికిచ్చిన రుమాలుకు మరక చేశాడని బావమరిది నొచ్చుకున్నాడు.

"అమ్మా, మీ అత్తగారిని పిలిపించండి," అన్నాడు డిటెక్టివ్.

అత్తగారు మూతి బిగించుకుని వచ్చింది. అందరూ తెర ముందు కూర్చున్నాక డిటెక్టివ్ బిళ్లను పావు వంతు తిప్పి బిగించి, మూత వేసి, పెట్టెలోకి మళ్ళీ పొడిగాలి నిండేదాకా ఆగాడు. తెర మీద గీత తర్వాత గీత దిగింది. నుదురు వచ్చింది. కళ్ళుండాల్సిన చోట రెండు గుంటలు. ఆ కింద కరిగిన నోరు.

"అయ్యో నా తండ్రీ!" అని అత్తగారు ఘొల్లుమంది. బావమరిది బావ చొక్కా వెనక నుంచి పట్టుకున్నాడు.

"దెయ్యం కాదమ్మా, మీ అబ్బాయి పనితనమే," అన్నాడు డిటెక్టివ్. "బిళ్ల నిలువుగా ఉంటే నక్షత్రం, పక్కకు తిప్పితే తన ముఖం. ఎవరో దీన్ని తిప్పి, అసలు గుర్తు చెరిపి, పైకి వచ్చిన అంచున కొత్త చుక్క పెడుతూ వచ్చారు. ఆవిడ పారిపోగానే మళ్ళీ మామూలుగా పెట్టేసి, ఫైలు కూడా చెరిపేస్తారు. ఏడాదినాటి సిరా వేలికి అంటుతుందా?"

"ఎవరా పాపాత్ముడు?" అంది అత్తగారు.

"మీకు మూత తీసి చూపించిందెవరమ్మా?"

"ఈ అబ్బాయే. లోపల ఏమీ లేదు బాబూ."

"ఎప్పుడూ ఏమీ ఉండదు. నక్షత్రం ఉన్నా మీకు కనపడేది కాదు. మూత తీస్తే తడిగాలి దూరి తెర మీదకు కూడా రాదు. ఇక్కడ పనిచేసేవాళ్ళు చూపించాలంటే తెర చూపిస్తారు. పెట్టె చూపించాడంటే, ఈవిడకు పిచ్చని మిమ్మల్ని నమ్మించడానికే."

"నేనేదో తోచక..." అన్నాడు స్నేహితుడు.

"ఇన్నేళ్ళు ఇదే పని చేస్తూ తోచకా?" అని పెద్దాయన గద్దించాడు.

స్నేహితుడి గొంతు మారిపోయింది. "వాడున్నన్నాళ్ళూ వాడి వెనకే నడిచాను. వాడు పోయాక ఈవిడ వెనకా? ముఖం సంగతి వాడు నాకొక్కడికే చెప్పాడు, ఈవిడ పుట్టినరోజున చూపిస్తానని. ఆ రోజు రాకుండానే పోయాడు."

ఆవిడ లేచింది. అంతసేపూ చూడలేక తిప్పుకున్న తలను తెర వైపు తిప్పింది.

"కెమెరా ఉండాల్సిన చోట లేదు," అంది మెల్లగా. "ముందుకు జరిపేశాడు, అందుకే బొమ్మ చెదిరింది. ఇవాళ హడావిడిలో వెనక్కి పెట్టడం మరిచిపోయాడు."

కెమెరాను వెనక్కి జరపడానికి పెట్టె బయటున్న మర తిప్పింది. మళ్ళీ నుదురు నుంచి మొదలైంది. బావమరిది కళ్ళు మూసుకుని, ఉండబట్టలేక తెరిచాడు. ఈసారి కళ్ళొచ్చాయి, ఒకటి కొంటెగా మూసి. నోరొచ్చింది. నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్నాడు మహానుభావుడు!

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

"అత్తయ్యా, పాపను తీసుకురారూ? వాళ్ళ నాన్నను చూపిస్తాను."

అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేను తేవడమేమిటే? నువ్వే వచ్చి ఎత్తుకో. నీ కూతురు."