నీలం బకెట్‌లో ఇత్తడి

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి, అట్లాంటాలోని తన ఆఫీసు బాల్కనీలో డాక్టర్ నరసింహ కాఫీ కప్పు ఎత్తాడు. తాగలేదు. నాలుగు వందల గజాల దూరం నుంచి వచ్చిన ఒకే ఒక్క తూటా ఆయన్ని కూల్చేసింది.

ఆయన రాడార్ శాస్త్రవేత్త. పరిశోధనలో ఆయన భాగస్వామి డాక్టర్ కృష్ణకుమారి శుక్రవారం పది గంటలకు ఆ పక్కనే ఉన్న కమ్మింగ్ ఊళ్లోని ఒక ఆడిటోరియంలో ఉపన్యసించాలి.

"నెక్స్ట్ టార్గెట్ ఆమే. ప్రోగ్రామ్ క్యాన్సిల్ చేస్తే ఫారిన్ స్పై రింగ్ అండర్‌గ్రౌండ్‌కి వెళ్లిపోతుంది," అంది కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ విద్య. "షూటర్ నువ్వు పనిచేసే షూటింగ్ రేంజ్‌లోనే ఉన్నాడు, తేజేశ్వర్. ఎవరన్నది రింగ్‌లో ఉన్న మన ఇషాకి కూడా తెలీదు. కానీ అతను కాల్చాక మిగిలిన ఖాళీ షెల్ మాయం చేసే పని ఆమెకే అప్పగించారు. రేపు నీకు అందజేస్తుంది. ఆ షెల్ దొరికితే గన్ దొరుకుతుంది."

ఏజెంట్ తేజేశ్వర్ మూడు వారాలుగా కమ్మింగ్ దగ్గరి ఒక షూటింగ్ రేంజ్‌లో మారుపేరుతో పనిచేస్తున్నాడు. కాల్చిన ఇత్తడి షెల్స్ ఏరడం, వాటి అడుగున ఉన్న చిన్న కేపుల్ని ప్రెస్‌తో ఊడగొట్టడం, స్టీల్ పిన్నులు, నీళ్లు పోసిన డ్రమ్ములో తిప్పి కడగడం, ఆరబెట్టడం. ఆ షెల్స్‌లోనే మళ్లీ మందు నింపుకుంటారు. అతని చెవిలో బియ్యపుగింజంత ఇయర్‌పీస్.

పని నేర్పినవాడు రంగయ్య. సైన్యంలో తుపాకులు బాగుచేసి రిటైరై, కూతురి దగ్గరికి వచ్చిన మనిషి. ఇంట్లో తోచక ఇక్కడ చేరాడు.

బుధవారం మధ్యాహ్నం ఇషా వచ్చింది. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలు. రింగ్‌కి కొరియర్, రహస్యంగా విద్య మనిషి.

"ఇత్తడికి చింతపండు మంచిదా?"

"నిమ్మ ఉప్పు చాలు," అన్నాడు తేజేశ్వర్. కోడ్ కలిసింది.

గోళ్లరంగు చుక్క పెట్టిన షెల్ ఒకటి నీలం బకెట్‌లో పడింది. ఆమె నవ్వింది. అక్కడితో ఆగాల్సింది. తేజేశ్వర్ మాట కలిపాడు. తను ఎంత తెలివైనవాడో చెప్పుకున్నాడు. చెబుతూనే యథాలాపంగా నీలం బకెట్‌లోని ఆరు వందల షెల్స్‌కీ కేపులు ఊడగొట్టాడు. ఆమెను కారు దాకా సాగనంపే ముందు అన్నిటినీ డ్రమ్ములో పోసి స్విచ్ వేశాడు.

తిరిగొచ్చిన గంటకి ఆ షెల్ గుర్తొచ్చింది. మూత తీశాడు. ఆరు వందల షెల్స్ పెళ్లివారి బిందెల్లా మెరుస్తున్నాయి. గోళ్లరంగు లేదు. వేలిముద్ర లేదు. మసి లేదు.

అప్పుడే రేంజ్ కోచ్ వాల్టర్ కుంటుకుంటూ వచ్చి, అర్జెంటుగా ఇరవై షెల్స్ కావాలన్నాడు. తేజేశ్వర్ డ్రమ్ములోంచి తీసి తువ్వాలుతో పైపైన తుడిచి ఇచ్చేశాడు. "ఆరాయా?" అని అడిగితే, "ఆరాయి" అన్నాడు. అతని మనసు అక్కడ లేదు.

ఇయర్‌పీస్‌లో విద్య. "షెల్ అందిందా?"

నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. తేజేశ్వర్ ఆ క్షణాన్ని పోనిచ్చాడు.

"బకెట్‌లో లేదు, మేడమ్."

"ఆ గదిలో ఇంకెవరు ఉంటారు?"

"... రంగయ్య."

శుక్రవారం ఉదయం ఏడింటికి రెండు నల్ల కార్లు రంగయ్య ఇంటి ముందు ఆగాయి. మనవరాలు దియ స్కూల్ బస్సు కోసం నిలబడి ఉంది. ఇరుగుపొరుగు చూస్తుండగా తాతను బనియన్‌తోనే కారెక్కించారు.

తేజేశ్వర్ విచారణ గది అద్దం వెనక నుంచి చూస్తున్నాడు. రంగయ్య బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో ఎన్నటికీ పోని నలుపు.

"ఆ కుర్రాడు తీశాడేమో?" అని విద్య గుచ్చి అడిగింది.

"ఎవలు, మా పిలగాడా? పనిల పరధ్యానం ఎక్కువ గని, దొంగ కాదమ్మా. వాని జోలికి పోకుర్రి."

తేజేశ్వర్ ఇక నిలబడలేకపోయాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. మెడలోని బ్యాడ్జి చూసి రంగయ్య కళ్లు చిట్లించాడు.

"షెల్ నాకు అందింది, మేడమ్. నేనే కడిగేశాను. రెండు రోజులుగా అబద్ధం చెబుతున్నాను. ఈయన పేరు చెప్పింది నేను."

రంగయ్య బల్ల మీదికి వంగి అడిగాడు.

"కేపులేం జేసినవ్?"

"జార్‌లో ఉన్నాయి."

"మరి ఏడుస్తవేంది? తుపాకి పిన్ను గుద్దేది కేపును. ముద్ర దాని మీదనే ఉంటది."

అరగంటలో జార్ వచ్చింది. భూతద్దం కింద మూడు వందల పైచిలుకు కేపులు దాటాక రంగయ్య వేలు ఆగింది. నడిమధ్యన ఉండాల్సిన గుంట ఒక పక్కకు, అర్ధచంద్రంలా పడింది.

"వాల్టర్ సార్ దాసుకునే తుపాకి. పోయినేడు ఒక్కపారి సూడమని తెచ్చిండు. పిన్ను అరిగింది, మార్సుకోమన్న. ఇనలే."

టైమ్ తొమ్మిదీ నలభై.

ఆడిటోరియం నిండిపోయింది. కృష్ణకుమారి మైకు ముందుకు వచ్చింది. తేజేశ్వర్ వెనక తలుపులోంచి దూసుకొచ్చాడు. వాల్టర్ ఎక్కడా కనిపించలేదు. జనం మధ్య ఉన్న ఇషా గొంతు చెవిలో వినిపించింది.

"మూడో వరుస చివర. వీడియో కెమెరా వాడు. తెల్ల గడ్డం పెట్టుడు గడ్డం. ఆ కుంటి నడక వాల్టర్‌దే!"

ట్రైపాడ్ మీది లెన్స్, లోపల దాచిన తుపాకి గొట్టంతో సహా, మెల్లగా వేదిక వైపు తిరిగింది. మధ్యలో ఇరవై అడుగులు. తేజేశ్వర్ పరుగెత్తాడు. అందడని అతనికే తెలుసు.

టక్.

అంతే. పేలుడు లేదు, మంట లేదు. వాల్టర్ నమ్మలేనట్టు కెమెరా వైపు చూశాడు. రెండో తూటా ఎక్కించేలోపు తేజేశ్వర్ అతని మీద పడ్డాడు. పెట్టుడు గడ్డం చేతిలోకి ఊడి వచ్చింది.

సాయంత్రానికి రింగ్ మొత్తం దొరికింది. లేబ్ రిపోర్టు కూడా వచ్చింది: వాల్టర్ తూటాలో, షెల్ లోపలి తడికి మందు ముద్దకట్టింది.

"నువ్వు కావాలనే తడిపావనుకుని బ్రిలియంట్ సాబొటేజ్ అంటున్నారు పైవాళ్లు. కమెండేషన్ ఇస్తారట," అంది విద్య. "ఏమని రాయను?"

"ఆరబెట్టకుండా ఆరాయని అబద్ధం చెప్పానని రాయండి. రంగయ్య గారి సంగతి కూడా."

శనివారం పొద్దున తేజేశ్వర్ రంగయ్య ఇంటికి వెళ్లాడు. పొరుగువాళ్లు లాన్ కోస్తున్నారు. వాళ్లందరికీ వినబడేలా ఇంగ్లీషులో చెప్పాడు: ఈయన ఏ తప్పూ చేయలేదు, తప్పు నాది. గడపలో నిలబడిన దియ తాత చెయ్యి గట్టిగా పట్టుకుంది. తేజేశ్వర్ ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోయాడు.

"నన్ను క్షమించండి," అన్నాడు తెలుగులో, మెల్లగా.

రంగయ్య క్షమించానని అనలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"లోపటికి రా. ముందు చేతులు కడుక్కో. కడగొద్దన్నది కడుగుతవ్, కడగాల్సింది కడగవ్."