తీగ మీద ఎవరిదో చొక్కా

బట్టలు ఉతకడం చాలామందికి రాదు. వచ్చనుకుంటారు, అంతే. ఇస్నాపూర్‌లో మేం కిరాయికున్న ఇంటి డాబా ఎక్కితే చాలు, ఎవరింట్లో ఎంత బద్ధకం ఉందో తీగల మీదే కనబడేది. తెల్ల బనీన్లతో కలిపి కొత్త ఎర్ర లంగాను నానబెట్టి, అన్నిటినీ గులాబీ రంగు చేసిన మహాతల్లి ఒకతి. సబ్బు పోకుండానే ఆరేసే ఆమె ఇంకొకతి. ఎండాక ఆ బట్టలు అట్టల్లా నిలబడేవి. పక్క పోర్షన్ రుచితకైతే వాషింగ్ మెషినే ఉంది. పొద్దున తిప్పిన బట్టల్ని సాయంత్రం దాకా అందులోనే మగ్గబెట్టేది. వాసన రాగానే ఇంకాస్త లిక్విడ్ పోసి మళ్ళీ తిప్పేది. వాసన మీద వాసన. దానికి ఉతకడం అని పేరు!

నేను కాలర్లకు ముందే సబ్బు రాసి పెడతాను. రంగువి తిరగేసి ఉతుకుతాను. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడిస్తాను. గట్టిగా విదిలించి, చొక్కాని కింది అంచు పట్టి తలకిందులుగా వేస్తాను. భుజాల మీద క్లిప్పు గుర్తు పడితే ఆ చొక్కా ఉతికీ దండగే.

మా ఆయన జెఫ్రీకి దగ్గర్లోనే ఒక కంపెనీలో ఉద్యోగం. ఆ ఇంట్లో దిగిన రోజు ఓనరు అరుణమ్మ వెనక గది చూపిస్తూ అన్నది:

"బిడ్డా, గీ తీగ మీద బట్టలు ఆరెయ్యకు. ఎంత వానైనా డాబా మీద రేకుల కిందనే ఎయ్యి."

"ఎందుకాంటీ?"

"ఆరయ్."

"ఫ్యానుంది, కిటికీ ఉంది. ఎందుకారయ్?"

"ఆరయ్యంటే ఆరయ్. గంతే."

గుమ్మానికి నిమ్మకాయ కట్టి, అది కుళ్ళినా తియ్యని మనిషి. తడి గురించి, గాలి గురించి ఆమె నాకు చెప్పడం! లోలోపల నవ్వుకుని తలూపాను.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ముసురు పట్టి వదల్లేదు. రేకుల కింద జాగా అంతా వాళ్ళూ వీళ్ళూ ఆక్రమించారు. పిండడం చేతకాని వాళ్ళ చీరల నీళ్ళు నా దుప్పట్ల మీద కారుతున్నాయి. ఒళ్ళు మండిపోయింది. నావన్నీ లాక్కొచ్చి, మళ్ళీ జాడించి, వెనక గది తీగ మీద ఒకదానికొకటి తగలకుండా వేశాను. కిటికీ తెరిచాను. ఫ్యాను పెట్టాను.

మధ్యాహ్నం చూస్తే చక్కగా సగం ఆరాయి. ఆరవట!

కానీ తీగ చివర, గోడ పక్కన ఒక చొక్కా ఉంది. నేను వేసింది కాదు. బూడిద రంగు యూనిఫాం. ఇక్కడ సగం కంపెనీలకు అదే రంగు, జెఫ్రీకి కూడా. కానీ జెఫ్రీ చొక్కాలు నాకు చేత్తో తడిమితేనే తెలుస్తాయి. దీని కాలరు లోపల నల్లటి జిడ్డు. చంకల కింద తెల్లటి చెమట చారలు. పిండకుండా వేసినట్టున్నారు, కింద నీళ్ళు మడుగు కట్టాయి.

డాబా మీద నా బట్టల్లో కలిసిపోయి ఉంటుందనుకుని రుచిత తలుపు కొట్టాను.

"మీదేనా?"

"ఛీ, మాది గాదక్కా. గింత మురికుందేంది?" అని ముక్కు మూసుకుంది. ఆమె! ముక్కు మూసుకుంది!

తీసుకెళ్ళి డాబా మీద పారేస్తే సరిపోయేది. కానీ ఆ చొక్కా ఎవడిదో గాని, వాడికి ఉతకడమంటే ఏమిటో ఒక్కసారి చూపించాలనిపించింది. నల్లా కింద పరిచి బ్రష్ పట్టాను.

ఎంత జాడించినా నీళ్ళు నల్లగానే వచ్చాయి. వాసన కూడా వింతగా ఉంది. తడి తువ్వాలును డబ్బాలో మూతపెట్టి మరిచిపోతే వచ్చే వాసన. దాని అడుగున ఇంకేదో, తియ్యగా. బోరు నీళ్ళు చేతులు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. చొక్కా మాత్రం వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో విడిచినట్టు.

పిండుదామని చొక్కా చెయ్యి మెలితిప్పాను. అది నా పిడికిట్లో ఎదురు తిరిగింది... నొప్పి పుట్టిన వాళ్ళు చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు.

చవక బట్ట, ముడుచుకుని ఉంటుంది అనుకున్నాను. అంచు పట్టి తలకిందులుగా, తీగ చివరే వేసి వంట పనిలో పడ్డాను.

సాయంత్రానికి మబ్బు కిందికి దిగింది. కరెంటు పోయింది. ఫ్యాను తిరగడం ఆగాక ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వెనక గదిలోంచి... చుక్క. మళ్ళీ చుక్క.

ఫోను లైటు వేసుకుని వెళ్ళాను. మధ్యాహ్నం సగం ఆరిన నా బట్టలన్నీ నీళ్ళోడుతున్నాయి. దుప్పట్లు, జాకెట్లు, అన్నీ. బకెట్లోంచి అప్పుడే తీసినట్టు. గదంతా ఆ తియ్యటి వాసన.

దుప్పటి పక్కకు జరిపాను.

చొక్కా తలకిందులుగా లేదు. భుజాలు పైకి ఉన్నాయి. బొత్తాలు పెట్టి ఉన్నాయి. చేతులు రెండూ వేలాడకుండా... నిండుగా ఉన్నాయి.

గాలి లేదు. నా దుప్పటి కూడా కదలడం లేదు. కుడి చెయ్యి మాత్రం మెల్లగా, అంగుళం అంగుళం, నా వైపు తిరిగింది.

"అక్కా..."

నా చెవి పక్కనే. తడి గొంతు.

"అక్కా... లోపల గూడ ఉతుకు."

ఫోను ఎక్కడ పడేశానో తెలియదు. చెప్పులు లేకుండా ఆ వానలో అరుణమ్మ ఇంటికి పరిగెత్తాను. ఆమె వరండాలో దీపం పెట్టుకుని కూర్చుంది. నా ముఖం చూడగానే లేచింది.

"తీగ మీద ఏసినవా?"

తలూపాను.

"నర్సింహ అని ఒక్కడుండె ఆ రూముల. డ్యూటీ మీద డ్యూటీ. ఉతుక్కునే తీరిక లేకుండె. వాసనొస్తుందని చుట్టుపక్కలోళ్ళు ఆయన బట్టలు డాబా మీద ఎయ్యనియ్యకపోదురు. ముక్కు మూసుకునెటోళ్ళు. ఇగ ఆ తీగ మీదనే ఏసుకునె. గిట్లనే ముసురు పట్టిననాడు, తడి చొక్కనే తొడుక్కొని పోయిండు. కంపెనోళ్ళేమో డ్యూటీకి రాలేదన్నరు. ఇంటికి సుత రాలే."

"మరి... ఆ చొక్కా?"

అరుణమ్మ గొంతు తగ్గించింది. "చొక్క మాత్రం వచ్చింది బిడ్డా. తెల్లారి సూస్తే తీగ మీదుంది."

కిరాయి పోతుందని ఇన్నాళ్ళూ నోరు మెదపని ముసలిది! తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడే వీధిలో జెఫ్రీ బండి చప్పుడు వినబడింది. బండి మా గేటు దగ్గర ఆగింది.

నేను వెళ్ళేసరికి ముందు గదిలో తడి చొక్కా విడిచి పడేసి ఉంది. జెఫ్రీ వెనక గదిలో నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఒంటి మీద బూడిద రంగు చొక్కా. చివరి బొత్తం పెట్టుకుంటున్నాడు.

"జెఫ్రీ, ఇప్పెయ్ అది!"

"ఎందుకే? అన్నీ పచ్చిగున్నయ్, గిదొక్కటే ఆరింది." నెమ్మదిగా, నిద్రలో ఉన్నట్టు అన్నాడు. "మస్తు వెచ్చగుంది."

అతని చేతుల అంచుల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నల్లటి నీళ్ళు. పాదాల చుట్టూ మడుగు పెరుగుతోంది.

"యేసయ్యా!" అంటూ మీద పడ్డాను. బొత్తాలు ఊడలేదు. బట్ట చర్మానికి అతుక్కుని ఉంది. లాగుతుంటే జెఫ్రీ అరిచాడు. అతని అరుపు కింద ఇంకో అరుపు వినబడింది... నేను ఆగలేదు. కాలరు రెండు చేతులా పట్టి చింపాను. పర్రుమని వీపు దాకా చిరిగి, మొత్తం నా చేతుల్లోకి వచ్చింది. కిటికీలోంచి వానలోకి విసిరేశాను. జెఫ్రీ గోడకానుకుని కూలబడ్డాడు. ఒళ్ళు ఐసులా ఉంది.

సామాను కూడా తీసుకోలేదు. ఆ వానలోనే అతన్ని ఆటోలో వేసుకుని పోతిరెడ్డిపల్లిలో మా ఆడబిడ్డ సిల్వియా ఇంటికి వెళ్ళిపోయాను. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. జ్వరం వచ్చి తగ్గింది. జెఫ్రీకి ఆ సాయంత్రం ఏమీ గుర్తు లేదు.

ఇప్పుడు పోతిరెడ్డిపల్లిలోనే ఉంటున్నాం. ఎండ బాగా పడే డాబా. ఇక్కడి ఆడవాళ్ళకూ ఉతకడం రాదు. ఎదురింటి లక్ష్మీనరసమ్మ దుప్పటిని మడతమీదే ఆరేసి, మధ్యలో పచ్చిగా ఉందని ఎండను తిడుతుంది. "మీ ఆయన బట్టలు గంత తెల్లగ ఎట్ల ఉతుకుతవమ్మా?" అని ఆమే మొన్న అడిగింది. నీలిమందు వేస్తానని చెప్పాను.

నిన్న జెఫ్రీ వరసగా రెండు షిఫ్టులు చేసి వచ్చాడు. మండే ఎండలో బండి మీద. విడిచిన బట్టలు నానబెట్టబోతూ బనీను చేతిలోకి తీసుకున్నాను. ఇస్త్రీ మడత నలగలేదు. చంక దగ్గర ముక్కు పెట్టి చూశాను. చెమట వాసన లేదు. జెఫ్రీ వాసన లేదు. ఏ వాసనా లేదు. అనుమానమొచ్చి బుట్టలో ఉన్న ఆ వారం బట్టలన్నీ తీసి ఒక్కొక్కటే చూశాను.

నాకు బట్టలు తెలుసు. అవి మనిషి తొడుక్కున్న బట్టలు కావు.

"గ్లోరీ, టీ పెట్టినవా?" అని లోపల్నుంచి పిలిచాడు. గొంతు అతనిదే.